పదింట ఒకటి

ఇక్కడ తాగే నీళ్లు కూడా పడవెక్కి వస్తాయి.
చెట్టు లేదు, గడ్డిపరక లేదు.
వాన పడ్డ రోజుల్ని ఫ్లోరెన్సియో వేళ్ల మీద లెక్కపెడతాడు,
ఒక చెయ్యి చాలు.
ఉన్నదల్లా రెట్ట.
ఏళ్ల తరబడి పొర మీద పొర గట్టిపడ్డ రెట్ట,
గునపం వేస్తే ఖంగుమంటుంది.

మూడింటికే లేస్తాం,
ఎండ ఎక్కకముందే సగం గోతాలు కుట్టేయాలి.
ముక్కుకి గుడ్డ కట్టినా
ఆ ఘాటు కళ్లలోంచి లోపలికొస్తుంది.
మొదటి వారం అందరూ ఏడుస్తారు,
ఎందుకని ఎవరూ అడగరు.

ఆదివారం గుట్టెక్కితే సిగ్నల్ ఒక గీత.
కరాస్ పైన కొండల్లోంచి మా నిల్దా
పరీక్ష పాఠం నాకు అప్పజెబుతుంది.
"ఉత్పత్తిదారులు, నాన్నా. ఎండ తిని బతికేవి."
నేను కిందికి, సముద్రం కేసి చూస్తాను.
ఆ పచ్చటి మసక ప్లవకాలట,
కంటికి ఆనని పైరు.
దున్నేవాడు లేడు, శిస్తు లేదు.
"దాన్ని మేసేవి?"
ఆంచోవెతా చేపలు, వేలెడేసి,
నీళ్ల జేబులో వెండి చిల్లర.
"వాటిని తినేవి?"
నల్ల వీపు, తెల్ల పొట్ట, గ్వానాయ్ పక్షులు.
సాయంత్రం దీవి మీద
చాప పరిచినట్టు దిగుతాయి.

"ఒక మెట్టు నుంచి పై మెట్టుకి
పదింట ఒక వంతే ఎక్కుతుంది శక్తి.
మిగతాది వేడైపోతుంది. రాసుకో."
రాసుకోను. నాకు తెలుసు.
కంపెనీ ఇచ్చింది మేస్త్రీ చేతికి,
మేస్త్రీ ఇచ్చింది కొట్టు బాకీకి,
పడవ కిరాయీ మోకాలి మందూ పోగా
కొండెక్కి ఇల్లు చేరేది ఎంతో
సాతుర్నినాని అడుగు, మీ అమ్మని.
పోయిన వేడి ఎక్కడుంటుందో
పుస్తకంలో లేదంది పిల్ల.
నా మెడ మీద ఉంది.

కిందటేడు తవ్వకం లేదు.
కాపలాకి ఇద్దరమే ఉండిపోయాం.
నీళ్లు వెచ్చబడ్డాయి, చెయ్యి పెడితే తెలిసేంత.
ఎల్ నినో అంటారు, పసివాడని ముద్దుపేరు.
చేపలు చల్లదనం వెతుక్కుంటూ లోతుకి జారాయి.
పక్షులు మునిగాయి, ఉత్త ముక్కులతో లేచాయి.
ఒక పొద్దున లేచి చూస్తే చప్పుడు లేదు.
అంత గోల చేసే దీవి
పెళ్లివారు వెళ్లిపోయిన పందిరి.
గూళ్లలో పిల్లలు మాత్రం నోళ్లు తెరుచుకుని.

ట్యూనా డబ్బా కోసి
ఒకదాని నోట్లో ముక్క పెట్టాను.
మింగలేదు, నా వేలు పొడిచింది.
ఫ్లోరెన్సియో చూశాడు. నవ్వుతాడనుకున్నాను.
లోపలికెళ్లి తన డబ్బా తెచ్చాడు.

నాలుగో నాటికి ఈగలొచ్చాయి, పురుగులొచ్చాయి,
ఆపైన కంటికి కనబడనివేవో వచ్చాయి.
విచ్ఛిన్నకారులన్న మాట
నిల్దా క్లాసులో ఇంకా రాలేదు.
కూలి అడగని పనివాళ్లు,
ఒక్క ఈకని కూడా వృథా పోనివ్వరు.
శక్తి ఒకవైపే పోతుందట, వెనక్కి రాదు.
మట్టి మాత్రం చుట్టూ తిరుగుతుంది.

పరీక్షలో అడిగారు:
గ్వానో పునరుత్పాదక వనరా, కాదా? ఒక మార్కు.
నిల్దా రాసిందట, "పక్షి తిరిగొస్తే, అవును."
ఒబ్దూలియా టీచరు అర మార్కు వేసింది.
ఆ మిగతా సగం కోసం పిల్ల ఇంకా పోట్లాడుతోంది.

ఈ గోతాల్లో కొన్ని మా కొండకే పోతాయి.
బంగాళాదుంప మొదట్లో గుప్పెడు,
దుంప ఉడికి, నిల్దా తిని,
పుస్తకం తీసి, నాకు ఫోన్ చేసి,
"మరి నువ్వు ఏ మెట్టు నాన్నా?" అంది.
సిగ్నల్ పోయింది.
పోకపోయినా అంతే.

ఇవాళ పొద్దున
గ్వానాయ్ జంట ఒకటి దిగింది,
ఈ ఏటికి మొదటిది.
కుట్టి కాటా వేసిన గోతం మీద
ఒక తెల్ల చుక్క వేసి ఎగిరిపోయింది.
తూకంలోకి రాదది.
తుడవబోయిన కుర్రాడి చెయ్యి
ఫ్లోరెన్సియో పట్టుకున్నాడు.